పెట్టి తీసే వాహన బోర్డులు: షీటు ఎంపిక నుంచి బిగింపు దాకా

పొద్దున స్కూలు పిల్లల్ని దింపి, పగలు జీడిపప్పు డబ్బాలు వేసుకుని, సాయంత్రం కిరాయికి కదిలే వ్యాన్లు ఆంధ్ర-ఒడిశా సరిహద్దు దగ్గరి ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి రోడ్ల మీద చాలానే కనిపిస్తాయి. అలాంటి బండి తలుపు మీద పెయింటుతో పేరు రాయిస్తే ఇక ఆ పేరుకే కట్టుబడిపోవాలి. అందుకే పనున్నప్పుడు పెట్టి, పనైపోగానే తీసేసే బోర్డు కావాలి. అది దారిలో ఊడకూడదు, తీసినప్పుడు పెయింటును వెంట తీసుకుపోకూడదు.

ఈ రెండూ తేలేది బోర్డు అంచుల దగ్గరే. బోర్డు మధ్యలోంచి ఊడదు. ఒక మూల గోరు మందం లేస్తే చాలు, గాలి అక్కడ దూరి మిగతాదంతా లాగేస్తుంది. పెయింటు చెడేది కూడా ఎక్కువగా అంచు కింద చేరి ఉండిపోయిన నీళ్ల వల్ల, దుమ్ము వల్ల. కాబట్టి షీటు ధర అడగకముందే, డిజైను గీయించకముందే, బోర్డు అంచు బండి మీద ఎక్కడ ఆనుతుందో చూసుకోవాలి.

## ముందు బండి ఒళ్లు చూడండి

ఫ్రిజ్‌కి పెట్టుకునే చిన్న మాగ్నెట్ ఒకటి తీసుకోండి. బోర్డు పెట్టాలనుకున్న చోట పైన మూడు, మధ్యలో మూడు, కింద మూడు చొప్పున తొమ్మిది చోట్ల ఆనించి లాగండి. అన్ని చోట్లా ఒకే పట్టు చేతికి తెలియాలి. ఎక్కడైనా పట్టు సడలిందంటే అక్కడ లప్పం ఉన్నట్టు. గుద్దుకుని టింకరింగ్ చేయించుకున్న తలుపుల్లో రేకుకీ పెయింటుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల లప్పం ఉండవచ్చు. కంటికి కనబడదు గానీ మాగ్నెట్ పట్టేస్తుంది. సెకండ్‌హ్యాండ్ బండికి ఈ పరీక్ష తప్పనిసరి. ఫ్రిజ్ మాగ్నెట్టే ఎందుకంటే దాని బలం తక్కువ, తేడా వెంటనే తెలుస్తుంది. స్పీకరు మాగ్నెట్‌తో చూస్తే లప్పం మీద కూడా అంటుకుని మోసం చేస్తుంది.

కార్లు, పికప్‌ల తలుపులు చాలావాటికి ఇనుప రేకువే. బంపర్లు, తలుపు కింది భాగంలో ఉండే నల్ల పట్టీలు ప్లాస్టిక్. కొన్ని కార్ల బానెట్లు అల్యూమినియం. కొన్ని సరుకు కంటెయినర్ల గోడలు, కొన్ని బస్సుల పక్క రేకులు కూడా అల్యూమినియమే. ఈ-రిక్షాల ముందు భాగం కొన్నిటికి ఫైబర్. స్టెయిన్‌లెస్ స్టీలు చూడ్డానికి ఇనుములా ఉన్నా చాలా రకాలకు అయస్కాంతం అంటదు. చూసి ఊహించకుండా మాగ్నెట్ పెట్టి తేల్చుకోండి.

తర్వాత పాత న్యూస్‌పేపరును బోర్డు సైజుకు కత్తిరించి, మాస్కింగ్ టేపుతో తలుపు మీద అంటించండి. దాని నాలుగు అంచుల వెంట అరచెయ్యి నడిపించండి. తలుపు గీత, హ్యాండిల్, తాళం కన్ను, రబ్బరు పట్టీ, రేకు మడత ఏది తగిలినా కాగితాన్ని జరపండి, లేదా చిన్నది చేయండి. అన్ని వైపులా కనీసం రెండు సెంటీమీటర్ల చదునైన రేకు మిగలాలి. ఒకే దిక్కుకు వంగిన తలుపు మీద మెత్తటి షీటు సరిగ్గానే కూర్చుంటుంది. రెండు దిక్కులా ఉబ్బిన చోట కాగితం ముడత పడుతుంది. కాగితం ముడత పడిన చోట మాగ్నెట్ షీటు అంచు తప్పకుండా లేస్తుంది. ఈ కాగితాన్నే షాపుకు తీసుకెళ్తే కొలతల్లో పొరపాటుకు తావుండదు.

## ఏ బండికి ఏ పద్ధతి

ఇనుప తలుపు, రోజూ పెట్టి తీయాలి: మాగ్నెట్ షీటు. ఇనుప తలుపే గానీ బోర్డు నెలల తరబడి ఉండాలి: రిమూవబుల్ జిగురున్న స్టిక్కరు. అల్యూమినియం, ఫైబర్ ఒళ్లు: ఛానెల్‌లోకి జారించే ఎ.సి.పి. షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక), లేదా ఒకదానికొకటి పట్టేసుకునే టేపు. ఆటో రెక్సిన్ టాప్, ట్రాక్టరు తొట్టి, కర్ర బాడీ లారీ: అంచుల్లో ఐలెట్లు (లోహపు రింగులు) కొట్టిన ఫ్లెక్సీ. దూరం నుంచి కనబడాలి, బండి నెమ్మదిగా తిరుగుతుంది: పైకప్పు బోర్డు. రెండు మూడు రోజుల పనికి సన్‌ప్యాక్ (లోపల గొట్టాలున్న తేలిక ప్లాస్టిక్) షీటు సరిపోతుంది.

సక్షన్ కప్పులను ఈ జాబితాలో చేర్చలేదు. ఎండకు రబ్బరు మెత్తబడుతుంది, దుమ్ము పడితే గాలి లోపలికి పోతుంది. బండి బయట దేన్నీ వాటి మీద ఆధారపడి నిలబెట్టకూడదు.

## ప్రింటుకు ఇచ్చే ముందు

అద్దాల జోలికి వెళ్లకండి. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలని చెబుతుంది. అద్దాలకు ఫిల్ము అంటించడం మీద సుప్రీంకోర్టు 2012లో గట్టి ఆదేశమే ఇచ్చింది. వెనక అద్దానికి వేసే చిల్లుల స్టిక్కరు సగానికి సగం వెలుతురును ఆపేస్తుంది కాబట్టి 70 శాతం లెక్కకు అది అందదు. నంబరు ప్లేటు, లైట్లు, ఇండికేటర్లు, వెనకా పక్కలా ఉండే మెరిసే టేపు మీదికి బోర్డు రాకూడదు. పక్క బోర్డు బాడీ వెడల్పు దాటి బయటికి పొడుచుకు రాకూడదు.

స్కూలు కోసం కిరాయికి తీసుకున్న బండి మీద 'ఆన్ స్కూల్ డ్యూటీ' అని స్పష్టంగా ఉండాలి. పెట్టి తీసే బోర్డుకు ఇంతకంటే సరైన పని లేదు. పిల్లలు దిగాక కూడా దాన్ని ఉంచుకుని తిరగడం సరికాదు. టాక్సీ, ఆటో, సరుకు బండి లాంటి రవాణా వాహనాల మీద వ్యాపార ప్రకటన పెట్టాలంటే బండి రిజిస్టరైన ఆర్టీవో ఆఫీసులో ముందే అడిగి, కావలసిన అనుమతి తీసుకుని, కాగితం బండిలో ఉంచుకోవాలి. సరిహద్దు దాటి తిరిగే బండికి ఈ కాగితం మరీ ముఖ్యం. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు ప్రచార వాహనానికి విడిగా అనుమతి కావాలి, దాని అసలు ప్రతిని ముందు అద్దం మీద కనబడేలా ఉంచాలి.

ఇక రాత. ఈ ప్రాంతంలో బోర్డు మీద సాధారణంగా తెలుగు, ఒడియా రెండూ ఉంటాయి. రెండింటికీ పైన గుడులు, కింద ఒత్తులు ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు అక్షరాల లెక్క పనికిరాదు. పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అన్నది బోర్డులు రాసేవాళ్లు వాడే లెక్క. యాభై అడుగుల నుంచి చదవాలంటే అక్షరం ఒళ్లే అయిదు అంగుళాలుండాలి, ఒత్తూ గుడీ దానికి అదనం. అందుకే రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు బోర్డులో పేరు, ఊరు, ఫోను నంబరు, నాలుగు రకాల సేవలు ఇరికిస్తే ఏదీ చదవబడదు. పేరు ఒక వరస, పని ఒక వరస, నంబరు ఒక వరస, అంతే. తెలుపు మీద ముదురు నీలం, పసుపు మీద నలుపు దూరానికి బాగా తేలతాయి. ఎరుపు మీద నీలం కళ్లకు అదిరినట్టుంటుంది.

ఫైలు దగ్గర ఒక జాగ్రత్త. తెలుగు డీటీపీలో అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. సోంపేటలో టైపు చేసిన ఫైలు బరంపురం ప్రింటరు దగ్గర తెరిస్తే, అక్కడ ఆ ఫాంటు లేకపోతే, అక్షరాలు గజిబిజి అయిపోతాయి. కోరల్‌డ్రాలో రాతనంతా గీతల బొమ్మగా, అంటే కర్వ్స్‌లోకి మార్చి, పీడీఎఫ్ కూడా తోడుగా పంపమనండి. ఒడియా వరసను ఒడియా చదివేవాళ్ల చేత, తెలుగు వరసను తెలుగు చదివేవాళ్ల చేత, ప్రింటుకు ముందు కాగితం మీద చూపించండి. స్క్రీన్ మీద ఎగిరిపోయిన ఒత్తు కాగితం మీద దొరికిపోతుంది.

## మాగ్నెట్ షీటు

ఇది రబ్బరు లాంటి మెత్తటి పదార్థంలో ఫెర్రైట్ అనే అయస్కాంత పొడి కలిపి తీసిన షీటు. బండికి 0.75 మిల్లీమీటర్ల మందం కంటే తక్కువది వద్దు. 0.5 మిల్లీమీటర్లది ఫ్రిజ్ స్టిక్కర్లకు, క్యాలెండర్లకు చేసింది, కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. షాపులోనే తేల్చుకోవచ్చు: నాలుగు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి స్కేలు పెడితే మూడు మిల్లీమీటర్లు రావాలి, రెండే వస్తే అది సన్నరకం. తూకంతోనూ తెలుస్తుంది. రెండడుగులు, అడుగు ముక్క 0.75 రకమైతే అరకిలో దాకా తూగుతుంది, 0.5 రకమైతే మూడు వందల యాభై గ్రాముల చుట్టూ ఆగుతుంది. రోలు వెడల్పు సాధారణంగా రెండడుగులు కాబట్టి అంతకంటే ఎత్తు బోర్డుకు అతుకు వస్తుంది. అతుకంటే ఇంకో రెండు అంచులు. బోర్డును రెండడుగుల లోపే ఉంచడం మేలు.

తయారీలో చేసే పొరపాటు బయటపడేది రోడ్డు మీదే. క్రమం ఇది:

1. ప్రింటు వేసి షీటు మీద అంటించే స్టిక్కరు వినైల్ ప్లాస్టిక్‌ది. అందులో మోనోమెరిక్ రకం చవక, కానీ ఎండకు కుంచించుకుపోతుంది. పైపొర కుంచించుకుంటే కింది షీటు మూలలు బయటికి తిరుగుతాయి. కొత్తలో బాగున్న బోర్డు రెండు నెలలకు మూలలు లేపడానికి కారణం చాలాసార్లు ఇదే. పాలిమెరిక్ వినైల్ అని పేరు పెట్టి అడగండి.

2. ప్రింటు అయ్యాక ఇంకు ఆరడానికి ఒక రోజు పూర్తిగా వదలాలి. తడి వాసన పోకముందే లామినేషన్ వేస్తే ఆవిరి లోపలే ఇరుక్కుని పొర మెత్తబడుతుంది, అంచుల్లో విడుస్తుంది.

3. రోలు నుంచి కోసిన మాగ్నెట్ షీటును రాత్రంతా బల్ల మీద పరిచి, వంపు పోనివ్వాలి. సాదా వైపును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, స్టిక్కరును మధ్య నుంచి బయటికి స్క్రేపరుతో నొక్కుతూ అంటించాలి. నీళ్లు వాడకూడదు.

4. అంటించిన తర్వాతే అంచులు కోయాలి. అప్పుడే వినైల్, షీటు ఒకే గీత మీద ఉంటాయి. నాలుగు మూలలూ అంగుళం వ్యాసార్ధంతో గుండ్రంగా తీయాలి. చదరపు మూల గాలికి ముందు లొంగుతుంది, చేతికి తగిలి మడత పడేదీ అదే.

5. వెనక వైపు ఏదీ అంటించవద్దు. పెయింటు గీసుకుపోతుందని గుడ్డ, పాలిథిన్ వేసేవాళ్లున్నారు. మాగ్నెట్‌కీ రేకుకీ మధ్య ఎంత కొద్ది ఎడం పెరిగినా పట్టు చాలా పడిపోతుంది. గీతలు పడకుండా ఆపేది శుభ్రతే గానీ గుడ్డ కాదు.

తలుపుకు పెట్టేటప్పుడు రేకునూ షీటు వెనక భాగాన్నీ రెండింటినీ కడిగి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. రోడ్డు దుమ్ములో బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను ఉంటుంది. మాగ్నెట్ దాన్ని వెతికి మరీ లాక్కుంటుంది. అది మధ్యలో ఉండిపోయి, బండి అదురుకు రుద్దుకుంటూ పెయింటును గరుకు చేస్తుంది. షీటును రెండు చేతులతో సరిగ్గా చూసుకుని ఒక్కసారిగా ఆనించండి. చోటు తప్పితే జరపవద్దు, పూర్తిగా తీసి మళ్లీ పెట్టండి. తర్వాత బొటనవేలితో అంచుల వెంట నొక్కుకుంటూ పోయి, విజిటింగ్ కార్డు మూలను అంచు కింద దూర్చి చూడండి. ఎక్కడైనా కార్డు లోపలికి జారితే ఆ బోర్డుతో బయలుదేరకండి. తీసి మళ్లీ పెట్టినా అదే చోట కార్డు దూరితే అక్కడ రేకు ఉబ్బో పల్లమో ఉంది, బోర్డు చోటు మార్చాలి. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య గీత మీదుగా షీటు ఎన్నడూ రాకూడదు. జాతీయ రహదారి 16 మీద దూరప్రయాణమైతే ముందు వైపు అంచు పొడవునా అంగుళం వెడల్పు పారదర్శక వినైల్ పట్టీ, సగం షీటు మీద సగం రేకు మీద, వేసుకుంటే ఎదురుగాలికి దారి మూసుకుపోతుంది. దిగగానే ఆ పట్టీ తీసేయాలి.

కొత్తగా పెయింటు వేసిన బండికి మూడు నెలలు ఆగండి. పైకి ఆరినట్టున్నా లోపల ద్రావకం ఇంకా బయటికి వస్తూంటుంది, షీటు దాన్ని మూసేస్తే పెయింటు బుడగలు వేస్తుంది. వ్యాక్స్ పాలిష్ పెట్టాక రెండు రోజులు చాలు.

రోజూ రాత్రి తీయడం మంచి అలవాటు. వానలో తడిస్తే మాత్రం అదే రోజు తీసి, రెండు వైపులా ఆరబెట్టాలి. సముద్రపు గాలి తగిలే ఇచ్ఛాపురం, గోపాలపూర్ వైపు ఉప్పు నీళ్లు షీటు కింద నిలిచి, పెయింటు మీది చిన్న గీతలోంచి తుప్పు మొదలవుతుంది. నడి వేసవిలో బండి రోజంతా ఎండలో ఆగి ఉండేట్టయితే బోర్డు తీసి లోపల పెట్టండి. ముదురు రంగు రేకు ఆ ఎండకు 65 డిగ్రీలు దాటవచ్చు. ఆ వేడికి షీటు మెత్తబడి పెయింటుకు అంటుకుంటుంది. నెలల తరబడి ఒకే చోట ఉంచినా చిక్కే: చుట్టూ రంగు వెలిసి, బోర్డు కింద కొత్తగా మిగిలి, తీశాక బోర్డు ఆకారంలో మచ్చ కనబడుతుంది. కోరాపుట్ వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో దీనికి తిరగబడిన సమస్య వస్తుంది. చలికి షీటు బిరుసెక్కి, వంగిన తలుపు మీద కూర్చోదు, తీసేటప్పుడు మూలను లాగితే విరుగుతుంది. కాసేపు వెచ్చటి గదిలో ఉంచి తెచ్చి పెట్టండి.

దాచడానికి ఇంట్లో బీరువా పక్క రేకు కంటే మంచి చోటు లేదు, చదునుగా అంటించి వదిలేయండి. చుట్టాల్సి వస్తే ప్రింటు బయటికి వచ్చేలా వదులుగా చుట్టాలి. రెండు షీట్ల మాగ్నెట్ వైపులు ఎదురెదురుగా ఉంచకండి, పట్టు దెబ్బతింటుంది. ఏటీఎం కార్డుల పక్కన కూడా పెట్టవద్దు.

## మాగ్నెట్ అంటని ఒళ్లు

కంటెయినరు వ్యానుకు ఛానెల్ పద్ధతి అన్నిటికంటే నమ్మకమైనది. అల్యూమినియం యు-ఛానెల్ పట్టీలు మూడు, కింద ఒకటి, పక్కల రెండు, బాడీకి రివెట్లతో బిగించి వదిలేస్తారు. 3 మిల్లీమీటర్ల ఎ.సి.పి. షీటు పై నుంచి జారిపడి కూర్చుంటుంది. పైన రెండు తిప్పుడు క్లిప్పులు లేదా సీతాకోక బోల్టులు దాన్ని పట్టుకుంటాయి. సాలూరులోనో బరంపురంలోనో లారీ బాడీ పని చేసే షెడ్డులో ఇది చిన్న పని. ఎలా చేయించాలో మాత్రం దగ్గరుండి చెప్పాలి. రివెట్లు అల్యూమినియంవే వాడాలి. అల్యూమినియం రేకులో మామూలు ఇనుప స్క్రూ దిగితే ఉప్పుగాలిలో ఆ రెండు లోహాల మధ్య తినివేత మొదలై, చిల్లు పెద్దదై, స్క్రూ ఒకరోజు చేతికే వచ్చేస్తుంది. స్క్రూలే కావాలంటే 304 రకం స్టెయిన్‌లెస్, కింద నైలాన్ వాషరు. రివెట్ల మధ్య ఎడం 15 సెంటీమీటర్లు. కింది ఛానెల్‌కు రెండు మూడు చోట్ల 6 మిల్లీమీటర్ల చిల్లులు వేయించకపోతే వాన నీళ్లు అందులోనే నిలుస్తాయి. ఛానెల్ లోపలి వెడల్పు షీటు మందం కంటే ఒక మిల్లీమీటరే ఎక్కువ ఉండాలి. అంతకంటే వదులైతే షీటు రాత్రింబవళ్లు గడగడలాడి అంచు అరిగిపోతుంది, సన్నటి రబ్బరు బీడింగు వేస్తే ఆ చప్పుడూ ఆగుతుంది.

చిల్లులు వేయడం ఇష్టం లేకపోతే పుట్టగొడుగు ఆకారపు ప్లాస్టిక్ మొనలు ఒకదానిలో ఒకటి దిగి లాకయ్యే టేపు ఉంది, డ్యూయల్ లాక్ అంటారు. బట్టల వెల్‌క్రో దీనికి సాటి కాదు, అది తడిసి దుమ్ము పట్టి వదులైపోతుంది. లెక్క ఇలా వేసుకోండి. ఇలాంటి గట్టి జిగురు టేపులకు కదలని బరువైతే కిలోకు సుమారు 55 చదరపు సెంటీమీటర్ల టేపు కావాలి. రెండడుగులు, అడుగు ఎ.సి.పి. షీటు ముప్పావు కిలో ఉంటుంది, అంటే బరువు మోయడానికి 41 చదరపు సెంటీమీటర్లు చాలు. కానీ బండి మీద గాలీ అదురూ ఉన్నాయి. చుట్టూ అంగుళం వెడల్పు టేపు వేస్తే 430 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. అంతకంటే ముఖ్యంగా నాలుగు అంచులూ మూతపడతాయి. కింద అంచులో మాత్రం రెండు చోట్ల సెంటీమీటరు ఖాళీ వదలండి, నీళ్లు దిగాలి.

టేపు జిగురుకు ఓపిక కావాలి. అంటించే చోట ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడిచి ఆరనివ్వండి. గట్టిగా నొక్కి, బోర్డు తగిలించకుండా ఒక రోజు వదలండి. పూర్తి బలం వచ్చేది 72 గంటలకు. అంటించిన గంటకే బోర్డు తగిలించి బయలుదేరితే మధ్యదారిలో టేపుతో సహా ఊడుతుంది. నిజానికి తప్పు టేపుది కాదు, తొందరది. ఇంకో మాట, చేత్తో ఎనామెల్ వేసిన పాత బాడీ మీద ఈ టేపు పెయింటునే పొరగా ఊడదీస్తుంది. కనబడని మూల చిన్న ముక్క అంటించి, మూడు రోజుల తర్వాత లాగి చూశాకే ముందుకు పోవాలి.

5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (నురగ ప్లాస్టిక్ పలక) తేలిక, చవక. ముదురు రంగు ప్రింటు వేసి ఎండలో ఉంచితే వేడికి వంకర తిరుగుతుంది. ఊళ్లో తిరిగే బండికి, లేత రంగు బోర్డుకు, కొద్ది రోజులకు మాత్రమే. సన్‌ప్యాక్ వాడితే లోపలి గొట్టాలు నిలువుగా ఉండేలా కోయించండి, అడ్డంగా ఉంటే వాన నీళ్లు వాటిలోనే నిలిచి బరువెక్కుతుంది.

ఫ్లెక్సీ చిరిగేది ఎప్పుడూ ఐలెట్ దగ్గరే. అంచును అంగుళంన్నర మడిచి, మడతలో నైలాన్ తాడు పెట్టి వెల్డింగ్ చేయించి, అడుగుకొక ఐలెట్ కొట్టించండి. కట్టడానికి బైండింగ్ వైరు వాడకండి. అది సాగదు, గాలి కొట్టిన ప్రతిసారీ దెబ్బంతా ఐలెట్ మీదే పడుతుంది, బండి పెయింటునూ కోసేస్తుంది. పాత సైకిల్ ట్యూబును అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, ఐలెట్‌లోంచి తీసి ఆటో టాప్ కమ్మీకి ముడి వేస్తే ఆ దెబ్బను రబ్బరు మింగుతుంది. ఫ్లెక్సీ డోలు తోలులా బిగువుగా ఉండాలి. కొట్టుకోవడం మొదలైందంటే చిరగడం మొదలైనట్టే. ఆటో వెనక కడితే నంబరు ప్లేటు, లైట్లు పూర్తిగా కనబడుతున్నాయో లేదో పది అడుగుల వెనక నుంచి చూసుకోండి.

## పైకప్పు బోర్డు

ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. ఊడిన మాగ్నెట్ షీటు రోడ్డు పక్కన పడుతుంది. ఊడిన పైకప్పు బోర్డు వెనకొచ్చే మోటారు సైకిలు మీద పడుతుంది. అందుకే గాలి లెక్క వేయకుండా ఇనుము కొనవద్దు.

ఎదురుగాలికి అడ్డంగా నిలబెట్టిన చదును బోర్డు మీద ప్రతి చదరపు మీటరుకు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సుమారు 20 కిలోల తోపు ఉంటుంది. 80లో 36 కిలోలు. 100లో 57 కిలోలు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. నాలుగడుగులు, రెండడుగుల బోర్డు ముప్పావు చదరపు మీటరుకు కాస్త తక్కువ. 80 కిలోమీటర్ల వేగంలో దాన్ని 27 కిలోల బలం వెనక్కి తోస్తూంటుంది. ఎదురుగా లారీ దూసుకెళ్లినప్పుడు వచ్చే గాలి విసురు దీనికి అదనం. కాబట్టి బిగింపును ఈ లెక్కకు రెట్టింపు బలానికి చేయించాలి.

దీనికి మంచి ఉపాయం, బోర్డును గాలికి అడ్డంగా కాక బండి పొడవునా నిలబెట్టడం. రెండు పక్కల నుంచీ చదవబడుతుంది, ఎదురుగాలికి అంచు మాత్రమే తగులుతుంది. అయితే పక్కగాలి ఉండనే ఉంది. సముద్రం దగ్గరగా పోయే దారిలో అది చిన్నది కాదు. ఒంటి పలకగా నిలబెట్టేకంటే రెండు పలకలను పైన కలిపి, కింద ఎడంగా, గుడిసె కప్పు ఆకారంలో చేస్తే పక్కగాలికి తట్టుకుంటుంది. ముందూ వెనకా మూసేసి, ముందు భాగాన్ని కోణంగా తీస్తే ఇంకా మంచిది.

ఫ్రేముకు 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 16 గేజి. వెల్డింగ్ అతుకులకు తుప్పు ఆపే రెడాక్సైడ్ పూత, దాని మీద పెయింటు, పైపు చివరలకు ప్లాస్టిక్ మూతలు. మూతలు లేకపోతే నీళ్లు లోపల చేరి పైపు లోంచి తుప్పు పడుతుంది. పలకలు 3 మిల్లీమీటర్ల ఎ.సి.పి. ఫ్రేమును కారు పైకప్పుకు నేరుగా కాక క్యారియర్ అడ్డ కడ్డీలకు నాలుగు ఎం8 (8 మిల్లీమీటర్ల) యు-బోల్టులతో బిగించాలి. నట్లు నైలాన్ లాక్ ఉన్నవే, మామూలు నట్లు అదురుకు వదులవుతాయి. ఇది మొదటి పట్టు. రెండో పట్టు దీనితో సంబంధం లేకుండా ఉండాలి: 3 మిల్లీమీటర్ల స్టీలు తాడు ఒకటి ఫ్రేములోంచి తీసి క్యారియర్ కాళ్లకు క్లాంపులతో బిగించాలి. బోల్టులన్నీ పోయినా బోర్డు బండిని వదలకూడదు. తాడు వదులుగా ఉండి కొట్టుకుంటే పైకప్పు గీసుకుపోతుంది, ప్లాస్టిక్ గొట్టం తొడగండి. బోర్డు, ఫ్రేము, క్యారియర్ మూడింటి బరువు కలిపి, బండితో వచ్చిన పుస్తకంలో రాసిన పైకప్పు బరువు హద్దులోపే ఉండాలి.

పది కిలోమీటర్లు నడిపాక ఆగి నాలుగు నట్లూ మళ్లీ బిగించండి. రబ్బరు నొక్కుకుని, పెయింటు కుదురుకుని మొదటి బిగువు తగ్గడం మామూలే. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే ఘాట్ లాంటి దారుల్లో మలుపు మలుపుకూ పక్క లాగుడు మారుతుంది కాబట్టి ఎక్కే ముందొకసారి, దిగాక ఒకసారి చూడాలి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు ఈ బోర్డు పెట్టవద్దు.

గట్టి నియోడిమియం మాగ్నెట్ల మీద పైకప్పు బోర్డు నిలబెట్టవచ్చా అని అడుగుతుంటారు. రబ్బరు తొడుగున్న 66 మిల్లీమీటర్ల మాగ్నెట్ మీద రాసి ఉండే కిలోల లెక్క మందపాటి ఇనుప దిమ్మ మీద నిటారుగా లాగితే వచ్చేది. కారు పైకప్పు రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, అక్కడ ఆ పట్టు బాగా తగ్గుతుంది. పక్కకు జారకుండా ఆపే శక్తి అందులోనూ కొంతే. మామూలు రకాలు 80 డిగ్రీల వేడికి శాశ్వతంగా బలం పోగొట్టుకుంటాయి కూడా. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండికి, అడుగు ఎత్తు లోపు తేలిక బోర్డుకు నాలుగు మాగ్నెట్లు, వాటితో పాటు తలుపుల్లోంచి లోపలికి తీసుకున్న పట్టీ బెల్టు, అంతవరకే. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ల చేతికి ఈ మాగ్నెట్లు ఇవ్వకండి.

## నెలల తరబడి ఉండే స్టిక్కరు

రేడియం షాపులో స్టిక్కరు అడిగితే మాట్లాడకుండా శాశ్వత జిగురున్నదే వేస్తారు. రిమూవబుల్ జిగురు కావాలని ముందే చెప్పాలి, రోలు వెనక కాగితం మీద ఆ మాట ఉందో లేదో చూడాలి. ఆ రోలు మీద ఎంతకాలం అని ఉంటే ఆ గడువులోపే తీసేయాలి. గడువు దాటితే రిమూవబుల్ జిగురు కూడా మొండికేస్తుంది. వంపులు, మడతలు ఎక్కువగా ఉన్న తలుపుకు కాస్ట్ వినైల్ (పల్చగా, మెత్తగా ఉండే రకం), చదును రేకుకు పాలిమెరిక్ సరిపోతుంది.

అంటించేది నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు. బకెట్ నీళ్లలో రెండు చుక్కల షాంపూ కలిపి రేకు మీదా జిగురు మీదా చల్లితే స్టిక్కరును జరిపి సర్దుకునే వీలుంటుంది. మధ్య నుంచి అంచులకు స్క్రేపరుతో నీళ్లన్నీ బయటికి తోలండి. అంచుల్ని హీట్ గన్‌తో కాస్త వెచ్చబెట్టి మళ్లీ నొక్కండి. ఒక రోజు కడగవద్దు. నీటి జెట్టు కొట్టేటప్పుడు అంచుకు ఎదురుగా కాక పై నుంచి కొట్టాలి.

తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యరుతో ఒక మూలను చెయ్యి ఓర్చుకునేంత వేడి చేసి, స్టిక్కరును రేకుకు దగ్గరగా వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగండి. నిటారుగా గుంజితే పెయింటు పెచ్చులు వస్తాయి, చల్లగా గుంజితే జిగురంతా రేకు మీదే మిగిలిపోతుంది. మిగిలిన జిగురుకు నీలగిరి నూనె గుడ్డకు రాసి అయిదు నిమిషాలు ఆనించి ఉంచితే ఉండలు కట్టి వచ్చేస్తుంది. అది దొరక్కపోతే గుడ్డకు కొద్దిగా కిరోసిన్. థిన్నరు మాత్రం ముట్టుకోవద్దు, జిగురుతో పాటు పెయింటునూ కరిగిస్తుంది. బ్లేడుతో గీకవద్దు. చివర్లో షాంపూ నీళ్లతో నూనె జిడ్డంతా పోయేలా కడిగి, ఆరాక అరచేత్తో నిమిరి చూడండి. ఎక్కడైనా చెయ్యి జారితే జిడ్డు ఉంది, ఆగితే జిగురు ఉంది. రెండూ పోయాకే అక్కడ కొత్త బోర్డు పెట్టాలి.